ఖాళీ అనుకున్న సిలిండర్: రాయ్ ప్లంకెట్ జీవితం, మన నాన్‌స్టిక్ పెనం కథ



పోయిన నెల ఏడో తరగతి సైన్స్ పీరియడ్‌లో ఒక పాప లేచి ఒక డౌట్ అడిగింది. నాన్‌స్టిక్ పెనానికి ఏదీ అంటుకోదు కదా, మరి ఆ నల్లటి పూత పెనానికి ఎలా అంటుకుంది అని. క్లాసంతా నవ్వింది. నేను మాత్రం నవ్వలేకపోయాను, జవాబు నాకూ వెంటనే తట్టలేదు. రేపు చెప్తానని తప్పించుకున్నాను. అదే వారం పేరెంట్స్ మీటింగ్‌లో ఇద్దరు అమ్మలు ఇంకో ప్రశ్న వేశారు. నాన్‌స్టిక్‌లో వండితే కేన్సర్ వస్తుందని వాట్సాప్‌లో తిరుగుతోంది, ఇంట్లో ఉన్న పెనం పారేయాలా, కొత్తది కొంటే ఏది కొనాలి అని. ఆ రెండు ప్రశ్నల కోసం చదవడం మొదలుపెడితే, రెండూ నన్ను ఒకే మనిషి దగ్గరికి తీసుకెళ్లాయి. ఈ నెల మీకు ఆయన జీవితమే చెప్తాను. మధ్యమధ్యలో మన వంటింట్లోకి కూడా వచ్చి వెళ్దాం.

రాయ్ ప్లంకెట్ 1910 జూన్ 26న అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, న్యూ కార్లైల్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. పొలం పనుల మధ్య పెరిగారు. పక్క రాష్ట్రమైన ఇండియానాలో మాంచెస్టర్ కాలేజీలో కెమిస్ట్రీ డిగ్రీ పూర్తి చేసేసరికి 1932 వచ్చింది. అమెరికా ఆర్థిక మాంద్యంలో కూరుకుపోయి ఉంది. డిగ్రీ చేతిలో ఉన్నా ఉద్యోగాలు లేవు. ఆయన ఇంకా చదువుకుందామని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో చేరారు. 1933లో మాస్టర్స్, 1936లో పీహెచ్‌డీ అయ్యాయి.

కాలేజీలో ఆయన రూమ్‌మేట్ పేరు పాల్ ఫ్లోరీ. పాలిమర్ల మీద చేసిన కృషికి ఆ ఫ్లోరీకి 1974లో కెమిస్ట్రీ నోబెల్ బహుమతి వచ్చింది. ఒకే గదిలో ఉన్న ఇద్దరు కుర్రాళ్లలో ఒకరు ప్లాస్టిక్‌లు ఎలా ఏర్పడతాయో లెక్కలతో చెప్పారు, ఇంకొకరికి ఒక కొత్త ప్లాస్టిక్ అనుకోకుండా చేతికి దొరికింది. పిల్లల్ని హాస్టల్‌లో వేయాలా వద్దా అని నన్ను అడిగే తల్లిదండ్రులకు ఈ ముక్క చెప్పాలనిపిస్తుంది!

1936లోనే ప్లంకెట్‌కు డ్యూపాంట్ కంపెనీలో ఉద్యోగం వచ్చింది. న్యూజెర్సీ రాష్ట్రం డీప్‌వాటర్‌లో ఉన్న జాక్సన్ లేబొరేటరీలో చేరారు. ఆయనకు అప్పగించిన పని ఫ్రిజ్‌కు సంబంధించింది. తొలి రోజుల ఫ్రిజ్‌లలో అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్ లాంటి విషవాయువులు వాడేవారు. అవి లీకై ఇళ్లలో మనుషులు చనిపోయిన సంఘటనలున్నాయి. వాటి బదులుగా వచ్చిన సురక్షితమైన వాయువులే ఫ్రియాన్‌లు. వాటిలో ఒక మంచి రకం ఒప్పందం ప్రకారం ఒకే ఫ్రిజ్ కంపెనీకి వెళ్లిపోయేది. మిగతా కంపెనీలకు అమ్ముకోవడానికి డ్యూపాంట్‌కు ఇంకో వాయువు కావాలి. దాన్ని తయారు చేయడానికి ప్లంకెట్ టెట్రాఫ్లోరోఎథిలీన్ అనే గ్యాస్‌ను ముడిసరుకుగా ఎంచుకున్నారు. సుమారు 45 కిలోల గ్యాస్ తయారు చేసి, చిన్న చిన్న సిలిండర్లలో నింపి, డ్రై ఐస్ మీద చల్లగా ఉంచారు.

1938 ఏప్రిల్ 6, బుధవారం. ప్లంకెట్ సహాయకుడు జాక్ రెబాక్ ఒక సిలిండర్ వాల్వ్ తిప్పారు. గ్యాస్ రాలేదు.

మన ఇంట్లో స్టవ్ వెలగకపోతే మనం ఏం చేస్తాం? సిలిండర్‌ను కాస్త ఎత్తి చూస్తాం. తేలిగ్గా ఉంటే అయిపోయినట్టు, బరువుగా ఉంటే ఎక్కడో ఏదో అడ్డుపడినట్టు. వాళ్లూ అదే చేశారు. తూకం వేస్తే నింపిన గ్యాస్ బరువంతా సిలిండర్‌లోనే ఉంది. వాల్వ్‌లోంచి తీగ పోనిచ్చి చూశారు, అడ్డేమీ లేదు. వాల్వ్ ఊడదీసి బోర్లిస్తే కొంచెం తెల్లటి పొడి రాలింది. అప్పుడు సిలిండర్‌ను రంపంతో కోయించారు. లోపలి గోడలకు మైనంలా నున్నగా ఉన్న తెల్లటి పదార్థం పట్టి ఉంది. ఆ రోజు ఆ సిలిండర్‌ను పక్కన పడేసి ఇంకోటి తెచ్చుకుని ఉంటే వాళ్ల పని ఆగేది కాదు, ఎవరూ తప్పు పట్టేవారు కాదు. ప్లంకెట్ వయసు అప్పటికి 27.

జరిగింది ఇది. గ్యాస్‌లోని కణాలు తమంతట తామే ఒకదానికొకటి తగులుకుని, మల్లెమొగ్గలు దండ అయినట్టు పొడుగాటి గొలుసులుగా మారాయి. గొలుసు మధ్యలో కార్బన్, దాని చుట్టూ కంచెలా ఫ్లోరిన్. కార్బన్‌కూ ఫ్లోరిన్‌కూ మధ్య బంధం చాలా గట్టిది. దాన్ని తెంచుకుని లోపలికి చొరబడటం వేరే పదార్థాలకు సాధ్యం కాదు. ప్లంకెట్ ఆ పొడిని ఆమ్లాల్లో వేశారు, రకరకాల ద్రావణాల్లో వేశారు, వేడి చేశారు. అది దేనికీ లొంగలేదు. పాలిటెట్రాఫ్లోరోఎథిలీన్ దాని పూర్తి పేరు, పొట్టిగా పి.టి.ఎఫ్.ఇ. టెఫ్లాన్ అనే వ్యాపార నామం 1945లో వచ్చింది. పేటెంట్‌కు 1939లో దరఖాస్తు పెట్టారు, 1941 ఫిబ్రవరి 4న మంజూరైంది. దాని మీద ప్లంకెట్ పేరుంది, హక్కు మాత్రం కంపెనీది. ఆయన జీతం తీసుకునే ఉద్యోగి.

చాలా ఖరీదైన ఈ పదార్థం మొదట ఎందుకు పనికొచ్చిందో తెలిస్తే ఆశ్చర్యపోతారు. రెండో ప్రపంచ యుద్ధంలో అణుబాంబు తయారీకి యురేనియం హెక్సాఫ్లోరైడ్ అనే, లోహాలను కూడా తినేసే వాయువును పైపుల్లో నడపాల్సి వచ్చింది. ఆ పైపుల సీళ్లకు, గాస్కెట్లకు తట్టుకునే పదార్థం ఇదే అయింది. పెనం మీదికి రావడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది, కారణం మా పాప అడిగిన ప్రశ్నే. ఏదీ అంటని దాన్ని లోహానికి అంటించడం ఎలా?

దారి చూపింది ఫ్రాన్స్‌లో మార్క్ గ్రెగ్వార్ అనే ఇంజినీరు. చేపలు పట్టే సామానుకు జారుడు పూత వేసుకుందామని మొదలుపెట్టారు. అదే పూత వంట గిన్నెకు వేయొచ్చు కదా అన్న ఆలోచన ఆయన భార్య కొలెట్‌ది. (ఈ కథలో నాకు బాగా నచ్చిన మనిషి ఆవిడే.) గ్రెగ్వార్ అల్యూమినియంను ఆమ్లంతో కొరికించి, కంటికి కనపడనంత చిన్న గుంతలు చేసి, వాటిలోకి టెఫ్లాన్‌ను దిగేలా వేడి చేశారు. మన పాత రోళ్లకు గంట్లు పెట్టించేవాళ్లం గుర్తుందా? ఆ గంట్లలో పిండి ఎలా ఇరుక్కుని కూర్చుంటుందో, టెఫ్లాన్ కూడా అలాగే ఇరుక్కుంటుంది. అది అంటుకోదు, పట్టుకుని ఉంటుంది. మర్నాడు క్లాసులో ఈ రోలు జవాబే చెప్పాను. సగం మంది పిల్లలు రోలు చూడలేదు, ఆ సంగతి వేరే.

గ్రెగ్వార్ దంపతులు 1956లో టెఫాల్ కంపెనీ పెట్టారు. టెఫ్లాన్‌లోంచి సగం, అల్యూమినియంలోంచి సగం తీసుకున్న పేరు. 1960 డిసెంబర్‌లో న్యూయార్క్‌లోని మేసీస్ స్టోర్‌లో, మంచు తుఫాను కురుస్తున్నా, మొదట తెప్పించిన పెనాలు రెండు రోజుల్లో అమ్ముడుపోయాయి. మన దేశంలో 1960ల చివర్లో ఔరంగాబాద్ నుంచి నిర్లెప్ పేరుతో నాన్‌స్టిక్ పెనాలు వచ్చాయి.

ఇక షాపులో నిలబడ్డప్పుడు ఏం చూడాలో చెప్తాను. ఈనాటి పెనాలకు లోహాన్ని గరుకు చేసి, ముందు ఒక ప్రైమర్ పొర, దాని మీద ఒకటి రెండు పొరలు వేస్తారు. అన్నీ ఆ గరుకుతనాన్ని పట్టుకునే ఉంటాయి. కాబట్టి కింద లోహం వంగితే, ఉబ్బితే పూత పట్టు వదులుతుంది. నేనైతే పూత రంగు, దాని మీద రాసిన రాళ్ల పేర్లు, వజ్రాల పేర్లు చూడను. పెనం ఎత్తి బరువు చూస్తాను. అడుగు మూడు మిల్లీమీటర్లకు తక్కువ కాకుండా ఉంటే మంచిది. బల్ల మీద పెట్టి అంచు మీద వేలితో నొక్కితే ఊగకూడదు. ఇండక్షన్ స్టవ్ ఉన్నవాళ్లు ఒక చిన్న అయస్కాంతం పట్టుకెళ్లండి, అడుగుకు గట్టిగా అతుక్కోవాలి. పిడి స్క్రూతో ఉంటే అది దొరికే రకమేనా, బిగించుకోగలమా అని చూసుకోండి. ఐ.ఎస్.ఐ. ముద్ర ఉందో లేదో చూడండి. సైజు మీ స్టవ్ బర్నర్‌ను బట్టి. చిన్న బర్నర్ మీద పెద్ద పెనం పెడితే మధ్యలో మాడుతుంది, అంచుల్లో పచ్చిగా ఉంటుంది.

ధర విషయంలో నా అభిప్రాయం ఒకటే. నాన్‌స్టిక్ పెనం పిల్లల స్కూల్ బూట్ల లాంటిది. మంచివే కొనాలి, ఎప్పటికీ ఉంటాయని మాత్రం కొనకూడదు. ఎంత ఖరీదు పెట్టినా రోజూ వాడితే కొన్నేళ్లకు పూత అరుగుతుంది. అందుకే మరీ చవకదీ వద్దు, మరీ ఖరీదైనదీ వద్దు.

అసలు జాగ్రత్త కొన్న తర్వాత మొదలవుతుంది. టెఫ్లాన్ దేనికీ లొంగదని చెప్పాను కదా, ఒక్క వేడికి లొంగుతుంది. సుమారు 260 డిగ్రీలు దాటితే పాడవడం మొదలవుతుంది, 350 దాటితే హానికరమైన పొగలు వదులుతుంది. ఆ పొగ పీల్చిన మనుషులకు ఫ్లూ లాంటి జ్వరం, వణుకు రావచ్చు. పక్షుల ఊపిరితిత్తులు దాన్ని అసలు తట్టుకోలేవు. వంటింటి పక్క బాల్కనీలో లవ్ బర్డ్స్ పెంచుకునేవాళ్లు దయచేసి ఈ వాక్యం రెండోసారి చదవండి.

మరి 260 డిగ్రీలు మన స్టవ్ మీద వస్తాయా? పెనంలో ఏదైనా ఉడుకుతున్నంతసేపు సాధారణంగా రావు. ఖాళీ పెనాన్ని పెద్ద మంట మీద పెట్టి, పిల్లవాడికి టై కట్టడానికి పక్క గదిలోకి వెళ్తే కొన్ని నిమిషాల్లోనే వస్తాయి. మన అట్ల అలవాటే ఇక్కడ చిక్కు. ఇనుప పెనాన్ని బాగా కాల్చి, నీళ్లు చిలకరించి, చుయ్యిమన్నాక ఉల్లిపాయ చెక్కతో రుద్ది పిండి వేస్తాం. నాన్‌స్టిక్‌కు ఇదంతా అక్కర్లేదు. మధ్యస్థం మంట, ఒక చుక్క నూనె, పెనం ఓ మోస్తరు వేడెక్కగానే పిండి. కాలిన పెనం మీద చన్నీళ్లు పోస్తే అడుగు వంకర పోతుంది. నూనె పొగ వస్తోందంటే అది హెచ్చరిక, వెంటనే మంట తగ్గించాలి. ధనియాలు, ఎండుమిర్చి, పల్లీలు వేయించడానికి ఇనుప బాణలి తీయండి. చెక్క అట్లకాడ వాడండి, స్టీలు పీచు దూరంగా పెట్టండి. కరకరలాడే అట్టు కావాలంటే మాత్రం, నన్నడిగితే, నూనె పట్టించిన పోత ఇనుప పెనానికి సాటి లేదు. ఆమ్లెట్‌కు, నూనె తక్కువ వేసే చపాతీకి, బడి బస్సు వచ్చేలోపు కానివ్వాల్సిన టిఫిన్‌కు నాన్‌స్టిక్.

ఇప్పుడు వాట్సాప్ భయం సంగతి. దానికి మళ్లీ ప్లంకెట్ దగ్గరికి వెళ్లాలి, ఎందుకంటే ఆయన జీవితంలో మిగతా భాగం అంత ముచ్చటగా ఉండదు.

టెఫ్లాన్ దొరికిన మరుసటి ఏడాదే కంపెనీ ఆయన్ను వేరే పనికి మార్చింది. 1939 నుంచి 1952 దాకా ఆయన టెట్రాఎథిల్ లెడ్ తయారీలో చీఫ్ కెమిస్ట్. పెట్రోలులో కలిపే సీసం అది. ఇంజిన్ చప్పుడు లేకుండా నడవడానికి కలిపేవారు. ఆ డీప్‌వాటర్‌లోనే 1920లలో ఆ సీసం వల్ల కార్మికులు చనిపోయారు. ప్రపంచమంతా కార్ల పొగతో పాటు సీసాన్ని పీల్చింది. చిన్న పిల్లల మెదడు ఎదుగుదలను సీసం దెబ్బతీస్తుందని తేలాక ఒక్కో దేశం మానేసింది. మన దేశం 2000లో మానేసింది. అంటే ఈ పత్రిక చదువుతున్న మీలో చాలామంది చిన్నప్పుడు ఆ పొగ పీల్చినవారే.

ఆ తర్వాత ఆయన ఫ్రియాన్ విభాగానికి వెళ్లి, అక్కడ పెద్ద హోదాలోనే 1975లో రిటైరయ్యారు. దానికి సరిగ్గా ఏడాది ముందు, 1974లో, మొలీనా, రోలండ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఫ్రియాన్ జాతి వాయువులు ఓజోన్ పొరను తినేస్తాయని పేపర్ ప్రచురించారు. 1987లో మాంట్రియల్ ఒప్పందంతో వాటిని ఆపడం మొదలైంది. మనుషుల ప్రాణాలు తీస్తున్న ఫ్రిజ్ వాయువుల బదులు సురక్షితమని తెచ్చిన దానిలోనే ఈ లోపం బయటపడింది. ఇదంతా చదువుతున్నప్పుడు ఆయన్ను హీరో అని పిల్లలకు చెప్పాలా అని నేను చాలాసేపు ఆలోచించాను. విలన్ అనడానికీ మనసు ఒప్పలేదు. అప్పగించిన పని శ్రద్ధగా చేసిన ఉద్యోగి. ఆ పనుల ఫలితం మాత్రం ప్రతి ఇంటికీ చేరింది.

టెఫ్లాన్ వంతు చివర వచ్చింది. దాన్ని ఫ్యాక్టరీలో తయారు చేసేటప్పుడు పి.ఎఫ్.ఓ.ఏ. అనే రసాయనం సాయంగా వాడేవారు. వెస్ట్ వర్జీనియాలో, పార్కర్స్‌బర్గ్ దగ్గర ఒహాయో నది ఒడ్డున ఉన్న ఫ్యాక్టరీ నుంచి అది ఏళ్ల తరబడి తాగునీటిలో కలిసింది. 2001లో రాబ్ బిలాట్ అనే లాయర్ అక్కడి ప్రజల తరఫున కేసు వేశారు. కేసు రాజీ ప్రకారం సుమారు 69,000 మంది రక్తం పరీక్షించారు. కిడ్నీ కేన్సర్, వృషణాల కేన్సర్, థైరాయిడ్ వ్యాధి సహా ఆరు జబ్బులతో దానికి సంబంధం ఉండే అవకాశం ఉందని 2012 నాటికి శాస్త్రవేత్తల బృందం తేల్చింది. 2017లో కంపెనీలు 67 కోట్ల డాలర్లకు పైగా పరిహారానికి ఒప్పుకున్నాయి. అమెరికాలో పెద్ద కంపెనీలు 2015 నాటికి ఆ రసాయనాన్ని మానేశాయి.

కాబట్టి మీటింగ్‌లో అడిగిన ఆ ఇద్దరు అమ్మలకు నా జవాబు ఇది. వాట్సాప్‌లో వచ్చే కేన్సర్ మాట ఈ రసాయనం గురించి. ఆ నీళ్లు తాగినవారికి, ఫ్యాక్టరీలో పనిచేసినవారికి జరిగిన అన్యాయం నిజం. పెనం మీద పూతను ఎక్కువ వేడిలో కాల్చి గట్టిపరుస్తారు, ఆ దశలో ఆ రసాయనం దాదాపు అంతా పోతుంది. పూత ముక్క పొరపాటున కడుపులోకి వెళ్లినా ఒంటికి పట్టకుండా బయటికి వచ్చేస్తుంది. పూత బాగున్న పెనాన్ని భయపడి పారేయక్కర్లేదు. పొరలు లేస్తుంటే, లోహం కనిపిస్తుంటే మార్చేయండి. కొత్తది కొనేటప్పుడు డబ్బా మీద పి.ఎఫ్.ఓ.ఏ. లేదు అని రాసి ఉంటే అందులో టెఫ్లాన్ లేదని అర్థం కాదు. వేడి జాగ్రత్తలన్నీ దానికీ వర్తిస్తాయి. అసలు ఈ జాతి రసాయనాలే వద్దనుకుంటే సిరామిక్ పూత ఉంది, అది ఎక్కువ వేడికి తట్టుకుంటుంది, కానీ జారుడు గుణం త్వరగా పోతుంది. లేదంటే పోత ఇనుము ఎప్పుడూ ఉంది.

ప్లంకెట్‌కు 1951లో ఫిలడెల్ఫియా నగరం జాన్ స్కాట్ పతకం ఇచ్చింది. ఆ సభకు వచ్చిన అతిథులందరికీ టెఫ్లాన్ పూసిన మఫిన్ ట్రే ఒకటి ఇంటికిచ్చి పంపారు. గ్రెగ్వార్ పెనానికి అది ఇంకా ముందు. 1985లో అమెరికా ఆవిష్కర్తల హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయన పేరు చేర్చారు. రిటైరయ్యాక టెక్సస్‌లో సముద్రం ఒడ్డున ఉన్న కార్పస్ క్రిస్టీకి వెళ్లి, అక్కడే 1994 మే 12న, 83 ఏళ్ల వయసులో చనిపోయారు. పార్కర్స్‌బర్గ్ నీళ్ల కేసు ఆయన చూడలేదు.

చివరగా ఒక విన్నపం. మీ ఇంట్లో పూత లేచిపోయిన పాత నాన్‌స్టిక్ పెనం ఉంటే పాత సామాన్లవాడికి వేసే ముందు ఒక్కసారి పిల్లల చేత బడికి పంపండి. మూల గుండ్రంగా ఉన్నదైతే మంచిది, బ్యాగులో గుచ్చుకోదు. పూత కింద లోహం ఎలా గరుకుగా ఉంటుందో ఏడో తరగతి పిల్లలకు ల్యాబ్‌లో భూతద్దంతో చూపించాలని ఉంది. ఆ పాప ఇంకా అడుగుతూనే ఉంది.